నైట్‌జార్ ఎక్కడ దొరుకుతుంది?

నర్సింగ్ నిచ్చెన మీద ఉన్నాడు. చేతిలో ఏసీ ఫిల్టరు, నోట్లో స్క్రూడ్రైవరు. ఒమాన్‌లో మబేలా అనే చోట ఉన్న ఆ విల్లా హాలు చాలా పెద్దది. కింద పరిచిన కార్పెట్టు కాలు పెట్టబుద్ధి కానంత ఖరీదుగా ఉంది.

రిపేరుకు వచ్చినవాళ్లను ఒంటరిగా వదలకూడదని ఆ ఇంటి పద్ధతి. అందుకని ఇంట్లో పనిచేసే అమ్మాయి ఒక పీట వేసుకుని కూర్చుంది. ఒక కన్ను అతని మీద, ఒక కన్ను చేతిలోని ఫోను మీద వేసి ఉంచాలని ఆమె ఉద్దేశం. నిజం చెప్పాలంటే రెండు కళ్లూ ఫోను మీదే ఉన్నాయి.

ఫోన్లోంచి టకటకటకమని మూడు గుళ్లు పేలిన చప్పుడు వచ్చింది. ఆ వెనకే సన్నటి ఈల.

నర్సింగ్ నోట్లోంచి స్క్రూడ్రైవరు జారింది. చేతిలోంచి ఫిల్టరు జారింది. ఏసీ కింద కట్టిన ప్లాస్టిక్ సంచి ఒక పక్కకు ఒరిగి, అందులోని నల్లనీళ్లన్నీ కార్పెట్టు మీద పడ్డాయి.

"అరే భయ్యా, యే క్యా కియా?" అని లేచింది ఆ అమ్మాయి. తర్వాత తనలో తాను, "కార్పెట్టంతా నాశనం చేసి పెట్టినాడే. మామాకు ఏమని చెప్పల్ల ఇప్పుడు" అనుకుంది. అక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అంటారు.

"మీరు తెలుగోళ్లా?" అన్నాడు నర్సింగ్.

"తెలుగోళ్లమే. అయితే ఏం, కార్పెట్టు దానంతటదే ఆరిపోతుందా?"

"కార్పెట్ నేను కడుగుత. గని గా తుపాకి మీకు ఏడ దొరికింది?"

ఆమె అతన్ని కింద నుంచి పైదాకా చూసింది. ఇంత పని చేసి, నిచ్చెన మీద నుంచి దిగకుండా తుపాకీ గురించి అడుగుతున్న మనిషిని ఆమె ఇంతకు ముందు చూడలేదు.

"ఏ తుపాకీ?"

"నైట్‌జార్. గిప్పుడు పేలింది గదా. ఆ ఈల దానికి తప్ప దేనికీ రాదు."

"దీన్ని నైట్‌జార్ అంటారా?" ఆమె ఫోను వైపు వింతగా చూసింది. "నేను ఈల తుపాకీ అనుకుంటాండా."

ప్రపంచమంతా వెతుకుతున్న తుపాకీని చేతిలో పెట్టుకుని, దాని పేరు కూడా తెలియకుండా కూర్చుంది ఈ అమ్మాయి.

"ఏడ దొరికిందో చెప్పరాదు."

"ముందు కార్పెట్టు కడుగన్నా."

కడిగాడు. రెండుసార్లు కడిగాడు. వ్యాక్యూమ్ పెట్టి ఆరబెట్టాడు. ఏసీ బిగించి, నిచ్చెన మడిచి, మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్తరా?"

"చెప్పను."

"ఎందుకు?"

"నీ మొగం చూస్తాంటే అది బో విలువైందాని మాదిరి ఉంది. విలువైందాన్ని ఊరికే ఎవురు చెప్తారన్నా?"

"చెప్పకున్న మంచిదే. అన్నా అని మాత్రం అనకుండ్రి" అన్నాడు నర్సింగ్. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు.

తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. యాష్ లైన్ అనేది ఫోన్లో ఆడే ఆట. లోకం కాలిపోయాక మిగిలిన కొద్దిమంది మనుషులు మొహానికి మాస్కులు వేసుకుని, బూడిదలో నీళ్ల కోసం, మందుల కోసం తిరుగుతుంటారు. దారిలో ఎదురైన మృగాలను కాలుస్తుంటారు. ఇప్పటికి మూడు భాగాలు వచ్చాయి. మొదటి భాగంలో ఒక కూలిన గోడ మీద నైట్‌జార్ అనే రైఫిల్ బొమ్మ గీసి ఉంది. రెండో భాగంలో అది కనపడలేదు గానీ, ఎక్కడో దూరంగా మూడు గుళ్లూ ఈలా వినపడేవి. మూడో భాగంలో తుపాకీ నిజంగానే ఉందని ఆట తయారుచేసినవాళ్లు చెప్పారు. ఎక్కడ ఉందో చెప్పలేదు. ఇంటర్నెట్‌లో దాని మీద వీడియోలు కుప్పలుతెప్పలు. ఒకడు బావిలో ఉందంటాడు, ఒకడు విమానంలో ఉందంటాడు. నర్సింగ్ అన్నీ వెతికాడు. బావిలో కప్ప తప్ప ఏమీ లేదు.

"ఒక పొల్ల దగ్గరున్నదిరా" అన్నాడు ఆ సాయంత్రం రూమ్‌లో.

అతని రూమ్మేట్ ఇస్తారి ఉల్లిగడ్డలు కోస్తూ తల ఎత్తాడు. "ఏమున్నది?"

"నైట్‌జార్."

"పొల్ల ఎట్లున్నది?"

"గదెందుకు నీకు?"

"తుపాకి ముచ్చటైతే మొగం గంత ఎర్రగ కాదు" అని ఇస్తారి మళ్లీ ఉల్లిగడ్డలు కోసుకున్నాడు.

విల్లా నుంచి వచ్చేముందు నర్సింగ్ తన ఆట పేరు ఒక కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాడు. ఆమె అది చదివి నవ్వింది కూడా. జగిత్యాల కింగ్ అని ఉంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వినవాళ్లు ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపుతారన్న నమ్మకం లేదు. అయినా మర్నాడు వచ్చింది.

ఆమె పేరు సంధ్య. కడప జిల్లా బద్వేలు. ఫోనూ అకౌంటూ ఆమెవి కావు, ఆ ఇంటి కూతురు జువేరియావి. జువేరియా ఆ ఫోను ఇంట్లో వదిలి పగలంతా కాలేజీలో ఉంటుంది. ఆటలో ప్రతిరోజూ లోపలికి వెళ్లి హాజరు వేయించుకుంటే తూటాలు, మందులు ఇస్తారు. ఒక్కరోజు మానితే మళ్లీ మొదటి నుంచి. ఆ హాజరు వేసే పని సంధ్యకు అప్పగించింది. బట్టల ఇస్త్రీ, గిన్నెలు, ఆటలో హాజరు. అలా డ్యూటీగా మొదలుపెట్టిన పిల్ల, మెల్లమెల్లగా ఆటలో పడిపోయింది.

ఎండాకాలం మధ్యాహ్నం పూట భోజనాలయ్యాక ఇల్లంతా నిద్రపోతుంది. అదే సమయానికి నర్సింగ్ ఏదో ఒక మేడ నీడలో కూర్చుని ఆట తెరిచేవాడు. మైకులో మాట్లాడుకుంటూ ఆడేవాళ్లు.

మొదటిరోజే సంధ్య షరతు పెట్టింది.

"రోజుకొక ప్రశ్న అడుగు తుపాకీ గురించి. నిజమే చెప్తా. నేనూ ఒక ప్రశ్న అడుగుతా నీ గురించి. నువ్వూ నిజమే చెప్పల్ల."

"నా గురించి ఏమున్నది అడిగేతందుకు?"

"అది నేను చూసుకుంటాలే. అడుగు."

"తుపాకి ఎడారిలున్నదా, ఓడరేవులున్నదా?"

"రేవులో. ఇప్పుడు నా వంతు. ఈ ఆట ఎందుకు ఆడతావు నువ్వు?"

నర్సింగ్ ఆలోచించాడు. ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. "పొద్దుగాల లేస్తే ఆడికి పో, గిది చెయ్, జల్దీ చెయ్ అంటరు. ఆటల నన్నెవ్వడు ఏమనడు. నువ్వెందుకు ఆడుతవ్?"

"నీ ప్రశ్న అయిపోయింది. అయినా చెప్తా. ఆ లోకం నిండా దుమ్మే కదా. ఎవురూ తుడవమనరు. చూస్తాంటే బో హాయిగా ఉంటుంది."

నర్సింగ్ గట్టిగా నవ్వాడు. అవతల ఇల్లు నిద్రపోతోంది కాబట్టి సంధ్య చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

అలా సాగింది. తుపాకీ రేవులో ఉందని, దాన్ని కొనలేమని, కొట్లాడి తెచ్చుకోలేమని, ఒక మనిషి ఇస్తేనే వస్తుందని నర్సింగ్‌కు తెలిసింది. నర్సింగ్‌కు చీకటంటే కాదు గానీ బల్లులంటే భయమని, తల్లి యాదవ్వతో ఫోన్లో మాట్లాడేటప్పుడు జ్వరం వచ్చినా రాలేదనే చెప్తాడని, ఇంతవరకూ ఎవరినీ ప్రేమించలేదని సంధ్యకు తెలిసింది. ఈ చివరిది చెప్పేటప్పుడు అతను కాస్త నీళ్లు నమిలాడు.

ఒకరోజు ఆటలో బూడిద వాన పట్టుకుంది. ఆ వానలో తడిస్తే ప్రాణం తగ్గిపోతుంది. ఇద్దరూ పరిగెత్తి తుప్పుపట్టిన ఒక బస్సులో దూరారు. వాన ఆగేదాకా చేయడానికి ఏమీ లేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన కూర్చున్నాయి. మాస్కుల్లో కళ్లు కనపడవు. అయినా నర్సింగ్ తన బొమ్మను పక్కకు తిప్పి చూశాడు. సరిగ్గా అప్పుడే అవతలి బొమ్మ కూడా ఇటు తిరిగింది.

ఇద్దరూ గబుక్కున ముందుకు తిప్పేసుకున్నారు. బయట నలభై అయిదు డిగ్రీల ఎండలో కూర్చుని నర్సింగ్ వానలో తడిసినవాడిలా వణికాడు.

ఆ తర్వాత అతని ప్రశ్నలు చెడిపోయాయి.

"తుపాకి దొరికిన దినం ఏం కూర వండినవ్?"

"ఇది తుపాకీ గురించా?"

"తుపాకి అన్న గదా."

"గోంగూర. ఈడ ఆంధ్రా అంగట్లో దొరికినాది. రేపు సరైంది అడుగు. ఇంగొక్కటి గట్టిగా అడిగితే తెలిసిపోతుంది నీకు."

తెలిసిపోతుందనే నర్సింగ్ భయం. ఆ అమ్మాయి తన ఫోన్ నంబరు ఇవ్వలేదు. మగవాళ్లతో మాట్లాడిందని మామా చెవిన పడితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, నంబరు అడగొద్దని మొదటే చెప్పింది. ఇద్దరి మధ్యా ఉన్నదల్లా ఈ ఆట, ఈ ప్రశ్నలు. తుపాకీ రహస్యం తెలిస్తే రేపు ఏ మొహం పెట్టుకుని పలకరించాలి? అందుకని రోజూ పనికిరాని ప్రశ్న అడిగి గండం గడుపుకునేవాడు. సంధ్యకు అది అర్థమయినట్టూ ఉండేది, కానట్టూ ఉండేది.

ఆగస్టు ఆఖర్లో ఆమె చెప్పింది. "మేం సూర్ అనే ఊరికి పోతాండాం. ఇంటాయన బాబాకు ఆడ పని. ఇల్లు సముద్రం ఒడ్డునేనంట. కిటికీలోనించి చెక్క ఓడలు కట్టేది కనపడుతుందని జువేరియా చెప్పింది."

నర్సింగ్ ఆటలో ఎదురైన మృగాన్ని కాల్చకుండా వదిలేశాడు. అడగాల్సినవి వంద ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

"ఈరోజు నీ ప్రశ్న అడగలేదే" అంది సంధ్య.

"రేపు అడుగుత."

మర్నాడు మైకులో వేరే గొంతు పలికింది. "హలో భాయ్, నేను జువేరియా" అంది హిందీలో. "సంధ్య సామాన్లు సర్దుతోంది. తుపాకీ సంగతి నీకు చెప్పేయమంది. విను. రేవులో విరిగిన లైట్‌హౌస్‌లో ఒక ముసలమ్మ ఉంటుంది కదా, కాఫీ పోస్తుంది."

ఆ ముసలమ్మ తెలియనివాళ్లు లేరు. చిన్న కప్పులో కాఫీ పోస్తుంది, తాగితే కాస్త ప్రాణం పెరుగుతుంది. అందరూ ఒక కప్పు తాగి, వెనక్కి బటన్ నొక్కి పరిగెత్తుతారు.

"మా ఇళ్లలో అతిథి కప్పు పట్టుకుని ఉన్నంతసేపూ కహ్వా, అదే మా కాఫీ, పోస్తూనే ఉంటాం. చాలు అనుకుంటే కప్పును కొంచెం ఇటూ అటూ ఊపాలి. ఊపకుండా లేచిపోతే మర్యాద కాదు. సంధ్య రోజూ మా అమ్మ స్నేహితులకు పోసే మనిషి కదా. ముసలమ్మ పోస్తుంటే తాగుతూనే ఉంది, చాలనిపించాక అలవాటుకొద్దీ ఫోన్ పట్టుకున్న చెయ్యే ఊపింది. ముసలమ్మ లేచి పెట్టె తెరిచి తుపాకీ ఇచ్చింది. ఇదే ఆ రహస్యం. నేను ఒమానీని, నాకే తట్టలేదు. సంధ్యను పట్టుకుని ఎంత నవ్వానో."

నర్సింగ్ థాంక్స్ చెప్పాడు. ఎన్నో నెలలు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకు జవాబు దొరికింది. ఇదేనా అనిపించింది. సంధ్య తనంతట తాను చెప్పకుండా ఇంకొకరితో చెప్పించిందంటే, ఇక నీ దారి నువ్వు చూసుకో అని అర్థం. అతను అలాగే అనుకున్నాడు.

సంధ్య అనుకున్నది వేరు. "చెప్పేసెయ్ జువేరియా" అని ఆమే అడిగింది. "తుపాకీ చేతికొచ్చినాక కూడా ఆ మనిషి వచ్చినాడంటే నాకోసం వచ్చినట్టు. రాలేదంటే తుపాకీ కోసం వచ్చినట్టు. ఏదో ఒకటి తెలిసిపోవల్ల నాకు."

సూర్‌లో ఇల్లు సర్దుకున్న మర్నాడు మధ్యాహ్నం, అందరూ పడుకున్నాక సంధ్య ఆట తెరిచింది. జగిత్యాల కింగ్ లేడు. మర్నాడూ లేడు. ఆ మర్నాడు తుప్పు బస్సులో కూర్చుని చూసింది. రాలేదు.

తుపాకీ తీసుకుని పోయినాడు అనుకుంది. ఏడవకూడదనుకుంది, ఏడ్చింది. ఆ తర్వాత ఆట తెరిచినా హాజరు వేసి మూసేయడమే.

ఆమెకు తెలియని విషయం ఒకటుంది. ఒమాన్‌లో జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా మధ్యాహ్నం పూట ఎండలో బయట పని చేయించకూడదని రూలు. మేడల మీద ఏసీలు బిగించే నర్సింగ్‌కు ఆ మూడు నెలలూ మధ్యాహ్నం ఖాళీ. సెప్టెంబర్ వచ్చింది, ఖాళీ పోయింది. అతను డ్యూటీ దిగి సాయంత్రం ఆట తెరిస్తే, ఆ వేళకు సంధ్య వచ్చిన చుట్టాలకు కహ్వా పోస్తూ ఉండేది. ఆడుకునే మధ్యాహ్నాలు రూలు ఇచ్చినవని నర్సింగ్ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. బయట పనిచేసే ప్రతివాడికీ తెలిసిన సంగతి, ఇంటి లోపల పనిచేసే మనిషికి తెలియదన్న ఊహ అతనికి రాలేదు.

"తుపాకి తీస్కున్నవా?" అన్నాడు ఇస్తారి ఒకరోజు.

"లే."

"ముసలామె దగ్గరికి పోయి ఫోన్ ఊపుడే గదరా. ఎందుకు తీస్కోలే?"

నర్సింగ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. "మనసొస్తలేదురా."

ఇస్తారి అతని దుప్పటి లాగేశాడు. "సూర్ ఏమన్న ఇంకో దేశంల ఉన్నదా? శుక్రారం బస్సెక్కు. తిట్టినా ఎదురుంగ తిట్టిచ్చుకొని రా."

శుక్రవారం నర్సింగ్ సూర్‌లో దిగాడు. ఓడలు కట్టే చోటు ఏదని అడుగుతూ వెళ్లాడు. అక్కడ సగం కట్టిన చెక్క ఓడ ఒకటి ఒడ్డున నిలబడి ఉంది. దాని వెనక వరసగా తెల్లటి ఇళ్లు. ఏ కిటికీ అయినా ఆమెది కావచ్చు. ఏ తలుపూ తట్టలేడు, తడితే ఆమె ఉద్యోగానికే ఎసరు. సముద్రం ఒడ్డునే అటూ ఇటూ తిరిగాడు.

సాయంత్రం ఎండ తగ్గాక ఒడ్డు వెంట జనం నడకకు వచ్చారు. నల్లటి అబాయా వేసుకున్న ఒక అమ్మాయి పక్కన, ఆకుపచ్చ చున్నీలో సంధ్య. ఏసీ బాగుచేసిన రోజు తర్వాత అతను ఆమెను మళ్లీ చూడలేదు. అయినా నడక చూసే గుర్తుపట్టాడు.

సంధ్య ఆగిపోయింది. చూపు అతని మీద ఒక క్షణం నిలబడి, సముద్రం మీదికి పారిపోయి, మళ్లీ వచ్చింది.

"ఇతనేనా?" అంది జువేరియా హిందీలో. జవాబు కోసం చూడకుండా, "నాకు ఐస్‌క్రీమ్ కావాలి. మెల్లగా తెచ్చుకుంటా" అని వెళ్లిపోయింది.

"దొరికిందా తుపాకీ?" అంది సంధ్య. గొంతు గట్టిగానే పెట్టింది.

నర్సింగ్ ఫోన్ తీసి ఆట తెరిచి ఆమె చేతికిచ్చాడు. జగిత్యాల కింగ్ భుజాన పిడికి టేపు చుట్టిన పాత తుపాకీయే వేలాడుతోంది.

"ఎందుకు తీసుకోలేదు?"

"తీస్కుంటె నిన్ను అడిగేతందుకు ఏం మిగుల్తది?"

సంధ్య ఆ ఫోను తన చేతిలోనే ఉంచుకుంది. "మరి మధ్యాన్నం ఎందుకు రాలేదు? మూడు రోజులు చూసినా నీకోసం."

"మధ్యాన్నం ఎట్లొస్త? ఎండ రూల్ ఆగస్టుతోని అయిపాయె. గిప్పుడు డ్యూటీ ఉంటది గద."

"ఏం రూలు?"

నర్సింగ్ చెప్పాడు. చెప్తుంటే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని అతను కంగారుపడ్డాడు. నవ్వుతోంది.

"ఆ ముక్క ముందే చెప్పకూడదా మనిషీ. నేను నీకు పెట్టిన శాపాలు ఒకటా రెండా."

"నువ్వంటే నాకిష్టం సంధ్యా" అన్నాడు నర్సింగ్. ఇన్నాళ్లూ గొంతులో ఉన్న మాట నవ్వు సందులోంచి బయటికి వచ్చేసింది. "తుపాకి ముచ్చట ఎన్నడో ఇడిసిపెట్టిన. నువ్వు మాట్లాడకపోతే అన్నం కూడ తినబుద్ధి కాలె. పెండ్లి చేస్కుంటవా నన్ను?"

ఆమె నవ్వు ఆపింది. సముద్రం వైపు చూసింది, అతని వైపు చూసింది. "నాక్కూడా ఇష్టమే. కానీ మా నాయనతో చెప్పకుండా నేను మాట ఇయ్యను. ఇప్పుడే మాట్లాడతావా?"

"ఇప్పుడా?"

"బస్సెక్కి ఇంత దూరం వచ్చినావు. ఫోన్లో మాట్లాడేకి భయమా?"

తన సొంత ఫోను తీసి బద్వేలుకు చేసింది. ఆమె తండ్రి జయరాముడు ఆటో పక్కకు ఆపుకుని ఎత్తాడు. సంధ్య రెండు ముక్కల్లో సంగతి చెప్పి, స్పీకర్ పెట్టి, ఫోను నర్సింగ్ చేతికిచ్చింది.

"ఎవురబ్బాయ్ నువ్వు?"

"నర్సింగ్ అంటరు సార్. మాది జగిత్యాల పక్కన. ఏసీల పని చేస్త."

"మా పాపను యాడ చూసినావు?"

నర్సింగ్ ఆమె వైపు చూశాడు. అబద్ధం చెప్పవద్దని ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆటల సార్. ఫోన్‌ల ఆట. తుపాకులతోని ఆడేది."

అవతల ఒక లారీ పోయిన మోత వినపడింది.

"పాప ఎట్లా ఆడుతుంది?"

"మస్తు ఆడుతది సార్. నాకంటే మంచిగ."

"ఆ మాట ఒప్పుకున్నావు, మంచోడివే" అన్నాడు జయరాముడు. "ఈరోజు వరకు ఎవురు గెలిచినారు?"

నర్సింగ్ ఫోను సంధ్య వైపు తిప్పాడు. సంధ్య ముందుకు వంగి ఫోను దగ్గరగా మాట్లాడింది.

"ఇంగా ఆడతానే ఉండాం నాయనా."

"సరేలే. ఆ పిల్లోని అమ్మను నాతో మాట్లాడమను" అన్నాడాయన. "మాటలు కుదిరినాక ఇద్దరూ కలిసే రండి ఇంటికి."

ఫోను పెట్టేసిన చప్పుడయ్యాక కూడా నర్సింగ్ దాన్ని అలాగే పట్టుకుని ఉన్నాడు. సంధ్య మెల్లగా అతని చేతిలోంచి దాన్ని తీసుకుంది. తీసుకుని, అతను అడగకుండానే, ఇంకా తన దగ్గరే ఉన్న అతని ఫోన్లో తన నంబరు తన వేలితో ఎక్కించింది.